లేదు అన్నది మాటేనా

“సంచి జిప్పు పెట్టకండి వదినా.”

మిరియం తల్లి వంటింటి గడపలో నిలబడి ఆ మాట అంది. చేతిలో తడిగుడ్డ ఉంది. నీళ్ళు కాళ్ళ మీద కారుతున్నాయి. ఆమె చూసుకోలేదు.

మిరియం మేనత్త జిప్పు సగం దాకా లాగి ఆపింది. సంచిలో పిల్ల గౌన్లు, లోబట్టలు, చెప్పుల జత. తువ్వాలు కొస ఒకటి బయటికి వేలాడుతోంది.

“జిప్పు పెట్టకపోతే దారిలో బట్టలన్నీ రాలిపోతాయి అమ్మాయ్.”

“పిల్ల వస్తేగా దారి.”

“రాదా? రాత్రి నువ్వే అన్నావుగా. తీసుకెళ్ళండి వదినా, నా వల్ల కావడం లేదు అని. నేను కలగన్నానా?”

“రాత్రి అన్నాను.”

“తెల్లారేసరికి ఏమైంది?”

తల్లి గుడ్డ పిండి గడప మీద పెట్టింది. పిండాక కూడా అది కారుతూనే ఉంది.

మిరియం సంచి పక్కనే నేల మీద కూచుంది. తొమ్మిదేళ్ళ పిల్ల. పుట్టినప్పుడు నల్లగా, చిన్నగా, ముడతలు పడి ఉందని ఆస్పత్రి ఆయా పెట్టిన పేరు మిరియం. అసలు పేరు బడి వాళ్ళకి రాసిచ్చారు. బడి మానేశాక ఆ పేరుతో ఎవరికీ పని లేకపోయింది.

ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు చూస్తోంది. తన గురించే మాట్లాడుతున్నారని తెలుసు. అయినా పక్కింటి పిల్ల సంగతి వింటున్నట్టే ఉంది మొహం.

నడిమి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఆ పిల్ల తండ్రి గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. బడి బస్సు డ్రైవరు. మిరియం చదివిన బడికే నడిపేవాడు. బ్రేకు పోయింది. బస్సు గేటు మీదికి పోయింది. గేటు దగ్గరుండే ముసలాయన పోయాడు. తప్పు డ్రైవరుది కాదని బస్సు వాళ్ళే తేల్చారు. ఆ మాట విని ఆయన సరే అన్నాడు. ఇంటికొచ్చి పడుకున్నాడు. అంతే.

బళ్ళో పిల్లలు ఏమన్నారో మిరియం ఇంట్లో చెప్పలేదు. బడి పేరెత్తితే గోడకి అతుక్కుపోయేది. ఆ ఊళ్ళో ఏ బళ్ళో వేసినా బస్సు సంగతి తెలియని పిల్లలు లేరు. అందుకని తల్లి ఇంట్లోనే చదువు పెట్టింది.

అత్తకి బస్సు రెండింటికి. ఇవాళ శనివారం, ఇంటి చదువులు చూసే ఆఫీసు ఒంటిగంటకే మూస్తారు. ఆ రెంటి మధ్యా ఉంది ఇప్పుడు పిల్ల.

“పిల్లకి పరీక్ష పెట్టిన ఆ ఆఫీసరమ్మ ఏమందో మళ్ళీ చెప్పు,” అంది అత్త. “నా ముందు చెప్పు. నేను తప్పుగా విన్నానేమో.”

“మీరూ ఉన్నారుగా.”

“ఉన్నాను. నీ నోటితో వింటా.”

తల్లి గోడకి చెప్పినట్టు చెప్పింది. “లెక్కలు బాగానే వచ్చు అంది. చదవడమూ వచ్చు అంది. మాటలే లేవంది.”

“ఇంకా?”

“బొమ్మ చూపించి ఏంటని అడిగితే అది, ఇది, అట్లా అంటోందంది. మాట వేరు పట్టుకుని దాన్నుంచి మాటలు నేర్పే పాఠం ఏదైనా పద్ధతిగా మొదలుపెట్టి, పాఠం పేరు శనివారం లోపల ఫోన్ చేసి చెప్పమంది.”

“చెప్పకపోతే?”

“సోమవారం బడికి పంపమంది.”

“మరి నేను చెప్పేదేంటి? సోమవారం నా బడికి పంపు అంటున్నాను. నా ఊళ్ళో, నా బళ్ళో, నా కళ్ళ ముందు. అక్కడ బస్సూ తెలీదు, గేటూ తెలీదు ఎవరికీ. మేనత్తనే కదా. పిల్లని అమ్ముకుంటానా?”

“నేనట్లా అన్నానా?”

“అనవు. నువ్వు ఏదీ అనవు. ఈ ఇంట్లో ఎవరు మాత్రం ఏమంటారు గనక.”

అత్త గొంతు పెద్దది. ముప్పై ఏళ్ళు వెనక బెంచీ దాకా వినపడేట్టు పాఠం చెప్పిన గొంతు. ఆ గొంతు లేచినప్పుడల్లా తల్లి కళ్ళు నడిమి గది తలుపు మీదికి పోతున్నాయి. తలుపు కదలదు. అయినా పోతున్నాయి.

“సరే,” అంది అత్త. సంచి పక్కకి జరిపింది. “ఉంచుకో. ఏ పాఠం పెడతావో చెప్పి ఫోన్ చెయ్. నా దారిన నేను పోతాను. ఏది పెడతావు?”

బల్ల మీద రెండు ఉన్నాయి. ఒకటి అత్త తెచ్చిన పెట్టె. ధాతువాటిక అని పేరు. లోపల వారం వారానికి ఒక పుస్తకం, చివర పరీక్ష. రెండోది తల్లి తెచ్చుకున్న కట్ట. మాటల పాదు అని పేరు. తల్లి కళ్ళద్దాల కొట్టులో అద్దాల అంచులు అరగదీస్తుంది. అక్కడికి అద్దాలకి వచ్చిన ఒకావిడ తన పిల్లల పాఠం అయిపోయిందని ఇచ్చిపోయింది. ప్రతి కాగితం మీదా ఒక తీగ బొమ్మ. కింద వేరు దగ్గర ఒక చిన్న మాట అచ్చు వేసి ఉంటుంది. పైన ఆకులు ఖాళీ. ఆ వేరు నుంచి పుట్టిన మాటలు ఆకుల్లో రాయాలి.

“ముందు నాది చూడు,” అంది అత్త. “మిరియం, ఇట్రా. హరించడం అంటే ఏంటి?”

మిరియం భుజాలెగరేసింది.

“నోటితో.”

“తెలీదు.”

“తీసుకుపోవడం. దాని వేరు హృ. పలుకు.”

“హృ.”

“దీనికి ముందు చిన్న చిన్న తోకలు తగులుతాయి.”

“తోక ముందుంటుందా అత్తా?”

అత్త నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాన్నాళ్ళయింది. తల్లి ఉలిక్కిపడినట్టు చూసింది.

“సరే, కొమ్ము అనుకో. ఆ అనే కొమ్ము తగిలిస్తే?”

“ఆహారం.”

“లోపలికి తీసుకునేది. వి తగిలిస్తే విహారం, తిరగడం. సం తగిలిస్తే సంహారం. అంటే?”

మిరియం ఆలోచించింది. “అందరూ కలిసి తినడం.”

“చంపడమే పిచ్చిమొహమా.”

“కొమ్ము మారితే అన్నం కాస్తా చంపడం అయిపోతుందా?”

“అవుతుంది. అదే మరి చదువంటే. పరి తగిలిస్తే పరిహారం. అది తెలుసా?”

“తెలుసు.”

“ఏంటి?”

“గేటు తాత వాళ్ళింట్లో వాళ్ళకి బస్సు వాళ్ళు ఇచ్చింది.”

అత్త పుస్తకం మీది చెయ్యి తియ్యలేదు. తల్లి గడప మీది గుడ్డ తీసి మళ్ళీ పిండింది. ఈసారి ఏమీ కారలేదు.

మిరియం ఇద్దర్నీ చూసింది. “తప్పా?”

“కాదమ్మా. రైటే.”

“నన్ను తీసుకుపోతే అది కూడా హరించడమేనా అత్తా?”

“దానికి వేరే మాట ఉంది.”

“ఏంటి?”

అత్త పేజీ తిప్పింది.

పాఠం ఇంకాసేపు నడిచింది. మిరియం ఒక్కసారి వింటే పట్టేసుకుంటోంది. చెప్పిన కొమ్ము చెప్పినట్టు తగిలిస్తోంది. తల్లి అంతా చూస్తూనే ఉంది. అత్త చెప్పే తీరు బాగుంది. ఆ పని ఆమెకి తెలుసు. కాదనడానికి ఏమీ కనపడలేదు తల్లికి. కనపడితే బాగుండుననీ అనిపించలేదు. ఏమీ అనిపించక చాలా కాలమైంది.

“చూశావుగా,” అంది అత్త. “పిల్ల మొద్దు కాదు. చెప్పేవాళ్ళుంటే వస్తుంది. ఇదే ఇక్కడ పెడదామంటావా, పెట్టె వదిలేసి పోతా. రేపు నువ్వు చెప్పగలవా?”

“చూసి చెప్తా.”

“చూసి చెప్తే పాఠమవుతుందా?”

“అద్దం అరగదీయడం కూడా చూసే నేర్చుకున్నా వదినా.”

“అద్దం ఎదురు ప్రశ్న వెయ్యదు అమ్మాయ్.”

అది నిజమే. తల్లి ఒప్పుకుంది. నోటితో కాదు, తల ఊపి.

“అయితే నాది పెడతా,” అంది. “మాటల పాదు. అది నా వల్ల అవుతుంది. అందులో అన్నీ ఇంట్లో మాటలే.”

అత్త ఆ కట్ట తీసుకుంది. కళ్ళజోడు పెట్టుకుంది. మొదటి కాగితం మీద పెద్దవాళ్ళ కోసం రాసినది పైకి చదివింది.

“ప్రతి పాఠంలోనూ పిల్లవాడు కొన్ని మాటలు తనే రాయాలి. రెండు ఆకులు మాత్రం ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళవి. చెరొక మాట. పుస్తకం చూసి చెప్పకూడదు. కాగితం మీద రాసివ్వకూడదు. నోటి నుంచి రావాలి.”

చదివి కళ్ళజోడు తీసేసింది.

“ఇద్దరు.”

“చదివాను.”

“ఒకదానివి నువ్వు. ఈ ఇంట్లో రెండో నోరేది?”

“ఉందిగా.”

“ఎప్పుడు విన్నావు ఆఖరుసారి?”

తల్లి గుర్తు తెచ్చుకోవడానికి చూసింది. “మంచినీళ్ళు కావాలన్నారు.”

“ఎప్పుడు?”

“చలి తగ్గినప్పుడు.”

“ఇప్పుడు ఫాను తిరుగుతోంది అమ్మాయ్.”

ఫాను తిరుగుతూనే ఉంది.

ఆ ఇంట్లో మాటలు ఒక్కసారిగా పోలేదు. మొదట ఆయన మాట్లాడ్డం మానేశాడు. ఆయన పడుకున్నాడని తల్లి గొంతు తగ్గించింది. తల్లి గొంతు తగ్గించిందని పిల్ల సైగలు మరిగింది. నీళ్ళు కావాలంటే గ్లాసు చూపిస్తుంది. ఆకలేస్తే గిన్నె మీద చెంచాతో తడుతుంది. తల్లి కొట్టుకి పోయాక ఇంట్లో ఉండేది తండ్రీ కూతురూ. ఇద్దరు ఉన్నా ఇంట్లో ఎవరూ లేనట్టే ఉండేది. పిల్లకి మాటలు లేవని ఆఫీసరమ్మ అంటే తల్లికి కోపం రాలేదు. ఆశ్చర్యమూ కలగలేదు. ఎక్కణ్ణుంచి వస్తాయి?

“పోనీ నువ్వన్నట్టే చేద్దాం,” అంది అత్త. “పాఠం ఇప్పుడే పెట్టు. నా ముందు. ఇద్దరి నోటి నుంచీ చెరో మాట రానీ. వస్తే ఈ సంచి నా చేతులతో నేనే విప్పుతా. రాకపోతే పిల్ల నాతో వస్తుంది. సరేనా?”

తల్లి మిరియం వైపు చూసింది. పిల్ల అప్పటికే పెన్సిలు వెతుక్కుంటోంది.

“సరే.”

కట్టలో పైన ఉన్న పాఠం తీశారు. తీగ వేరు దగ్గర ఒకటే అక్షరం ఉంది.

“లే,” అని చదివింది మిరియం.

“లేవడంలో లే,” అంది తల్లి. “నీకు తెలిసినవి రాయి.”

“లేచింది.” రాసింది. “లేస్తా.” రాసింది. పెన్సిలు చివర కొరికింది. “లేచిపోవడం.”

“ఏంటీ?” అంది అత్త.

“లేచిపోవడం. పైనింటి కుట్టుమిషనావిడ ఫోన్లో చెప్తుంటే విన్నా. వాళ్ళ చెల్లెలు లేచిపోయిందంట. ఎక్కడికి లేచిందో చెప్పలేదు.”

తల్లి మొహం పక్కకి తిప్పుకుంది. మూతి కొస కొంచెం కదిలింది.

“రాయొచ్చా?”

“వ్యాకరణం ప్రకారం తప్పు లేదు,” అంది అత్త. “కింది ఆకులో రాయి, ఎవరికీ కనపడకుండా.”

“ఇప్పుడు అమ్మ మాట,” అంది మిరియం.

తల్లికి వెంటనే ఏమీ తోచలేదు. పిల్ల పెన్సిలు పట్టుకుని ఎదురు చూస్తోంది. అత్త గడియారం చూస్తోంది.

“నీకేం చెప్పను? పొద్దున్నే నిన్ను లేపలేక చస్తున్నా. ఇదొకటి నా ప్రాణానికి.”

“లేపలేక!” అంది మిరియం. “అందులో రెండు లేలు ఉన్నాయి.”

“మొదటిదే లెక్క,” అంది అత్త. “రెండోది ఆ వేరుది కాదు. ఆ వేరు వేరు.”

“వేరు వేరా?”

“వేరు వేరే.”

“వేరంటే చెట్టు కిందదా, వేరేదా?”

“రెండూను.” అత్త విసుక్కుంది. అందులో ముద్దు కూడా ఉంది. “లేపు అని రాయి. ఇక రెండోది అడుగు పో.”

మిరియం కాగితం పట్టుకుని లేచింది. నడిమి గది తలుపు తోసింది. లోపలికి పోయి మళ్ళీ దగ్గరగా వేసింది. అది ఆ పిల్లకి అలవాటు. ఎప్పుడు పోయినా తలుపు వేస్తుంది, వెలుతురు ఆయన మీద పడకుండా.

బయట ఇద్దరు ఆడవాళ్ళూ కదల్లేదు. వీధిలో ఎవరో సైకిలు చక్రానికి గాలి కొడుతున్నారు. ఆ ఊపిరి ఇక్కడికి వినపడుతోంది. లోపల పిల్ల గొంతు ఒకసారి వినపడింది. తర్వాత ఏమీ లేదు.

“నా తమ్ముడు చిన్నప్పుడు నోరు మూస్తే మేం దణ్ణం పెట్టుకునేవాళ్ళం,” అంది అత్త మెల్లగా. “అంత వసపిట్ట.”

“నాకూ తెలుసు.”

“బస్సెక్కిన ప్రతి పిల్లకీ ఒక వంకర పేరు పెట్టేవాడట కదా.”

“ఆ.”

తలుపు తీసుకుని మిరియం వచ్చింది.

“చెప్పాడు.”

తల్లి చెయ్యి బల్ల అంచు పట్టుకుంది. “ఏమన్నారు?”

“లేదు.”

“ఏమీ అనలేదా?”

“అన్నాడు. లేదు అన్నాడు.”

అత్త ముందు తేరుకుంది. “నువ్వేమని అడిగావు?”

“నాన్నా, లే తోటి నీ దగ్గర ఏదైనా మాటుందా అన్నా. చాలాసేపు చూశాక లేదు అన్నాడు.” మిరియం కాగితం బల్ల మీద పరిచింది. ఖాళీ ఆకు మీద పెన్సిలు ఆనించింది. “రాయనా?”

“ఆగు,” అంది అత్త. “అది మాట కాదు.”

“ఎందుక్కాదు?” అంది తల్లి.

“నువ్వూ చిన్నపిల్లవి అయిపోతున్నావే. నీ దగ్గర మాటుందా అని అడిగింది, లేదన్నాడు. గుమ్మంలోకి ఎవరైనా వచ్చి ఏమైనా అడిగితే లేదంటాం. అదీ అంతే.”

“ఆయన నోటి నుంచి వచ్చిందా లేదా?”

“అదిగో, నువ్వూ లేదా అన్నావు. అదీ రాసుకోమను.”

“నా ఆకు నిండిపోయింది వదినా. ఇది ఆయనది.”

“అమ్మాయ్. నా మాట విను. నేను పంతానికి అనడం లేదు. లేవడంలో లే వేరు, లేదులో లే వేరు. ఒకటి లేచేది, ఒకటి ఉండనిది. చూడ్డానికి ఒకలా ఉన్నాయి, అంతే. ఈ పాఠంలో లేదు అని రాస్తే ఏ పంతులైనా కొట్టేస్తాడు. మొదటి రోజే పిల్లకి తప్పు నేర్పుతావా?”

తల్లి కాసేపు ఆ తీగ బొమ్మ చూసింది.

“నాకు వ్యాకరణం తెలీదు వదినా. ఒకటి తెలుసు. మీ తమ్ముడు లేచి తిరిగిన రోజుల్లో ఈ ఇంట్లో లేదన్న మాట వినపడలేదు. పిల్ల ఏదడిగినా ఉంది అనేవారు. లేకపోయినా ఉంది అనేవారు. తర్వాత నేను ఆయనతో పోట్లాడేదాన్ని, ఎక్కడుందో చూపించండి అని. లేవడం మానేశాకే లేదు అనడం మొదలైంది. అది కూడా మానేశారనుకున్నా. ఇవాళ అన్నారు.” ఆమె గొంతు పెరగలేదు. తగ్గనూలేదు. “మీకు రెండు వేర్లేమో. మాకు ఈ ఇంట్లో రెండూ ఒకదాన్నుంచే వచ్చాయి.”

“అది బాధ. అది వ్యాకరణం కాదు.”

“కాకపోతే కాదు. రాయనివ్వండి.”

“రాయిస్తే ఆ ఆఫీసరమ్మ చూడదా? పిల్లని అడగదా? తప్పు మాట మీద పిల్లని ఇక్కడ అట్టిపెట్టుకుంటావా?”

“మీరు మాత్రం ఒక మాట తప్పని పిల్లని తీసుకుపోవడం లేదా?”

అత్త కుర్చీలోంచి లేచింది. ఆమెకి కోపం వచ్చింది. వచ్చిన కోపం ఎవరి మీదో ఆమెకే తెలిసినట్టు లేదు.

“రాయనా, వద్దా?” అంది మిరియం. పెన్సిలు ఇంకా ఆకు మీదే ఉంది. చిన్న చుక్క పడింది.

“వాణ్ణే అడుగుతా,” అంది అత్త. “మాట చెప్పాడో, లేదన్నాడో. వాడు తేల్చాలి.”

“వద్దు వదినా.”

అత్త అప్పటికే తలుపు తోసింది. ఈసారి తలుపు వెయ్యలేదు.

గదిలో సగం చీకటి. మంచం గోడ వారగా ఉంది. మేకుకి ఆయన డ్యూటీ చొక్కా వేలాడుతోంది, ఇస్త్రీ మడత పోకుండా. మంచం కింద గ్లాసు మీద మూత. ఆయన వీపు మాత్రం కనపడుతోంది. తెల్ల బనీను, దాని కింద వెన్నెముక.

అత్త మంచం అంచున కూచుంది. కూచునేసరికి ఆ పెద్ద గొంతు చిన్నదైపోయింది.

“ఒరేయ్ తమ్ముడూ.”

వీపు కదల్లేదు.

“నీ కూతురు ఒక మాట అడిగింది. నువ్వు లేదు అన్నావట. అది మాట చెప్పావా, మాట లేదన్నావా?”

గుమ్మంలో తల్లి నిలబడింది. ఆమె చేతి కింద నుంచి మిరియం తల పెట్టి చూస్తోంది.

“నేను కొట్లాటకి రాలేదురా. మాట చెప్పాను అని ఒక్కసారి అను. సంచి ఇక్కడే వదిలేసి నేను బస్సెక్కుతా. వ్యాకరణం సంగతి తర్వాత చూసుకుందాం. తప్పయినా నేను దిద్దనులే. అంటావా?”

ఆయన ఊపిరి తీసుకున్నాడు. అది నిద్రలో ఊపిరి కాదు.

“వింటున్నావని తెలుసురా నాకు.”

చాలాసేపటికి ఆయన గోడతో అన్నాడు. గొంతు తుప్పు పట్టినట్టుంది.

“తీసుకెళ్ళక్కా.”

“ఏంట్రా?”

“ఇక్కడ మాటలు లేవు.”

అంతే అన్నాడు. మోకాళ్ళు ఇంకొంచెం పైకి ముడుచుకున్నాడు.

అత్త కూచున్నచోటే ఉంది. ఆమె వచ్చిన పని అయింది. ఆమెకి కావలసిన మాట తండ్రి నోటి నుంచే వచ్చింది. కానీ అది గెలిచిన మనిషి మొహంలా లేదు. తమ్ముడి భుజం మీద చెయ్యి వెయ్యబోయి, తన ఒళ్ళోనే పెట్టుకుంది.

తల్లి చేతి కింద నుంచి మిరియం వెనక్కి జారింది. బల్ల దగ్గరికి పరుగెత్తింది.

“లేవు,” అంది. “ఇంకోటి కూడా చెప్పాడు అమ్మా. లేవు.”

ఎవరూ వద్దనలేదు. మిరియం లేదు అని రాసింది. ఆకులో చోటు చాలక పక్కనే ఇంకో ఆకు గీసుకుని లేవు అని రాసింది. రాశాక పెన్సిలు పెట్టలేదు. కాగితం వైపే చూస్తూ అడిగింది.

“తీసుకెళ్ళక్కా అన్నది కూడా రాయాలా? అందులో లే లేదు.”

తల్లి పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టింది. చెయ్యి ఉంది, అంతే. నిమరలేదు.

అత్త బయటికొచ్చింది. సంచి వైపు చూసింది, దాన్ని ముట్టుకోలేదు.

“విన్నావుగా అమ్మాయ్.”

“విన్నాను.”

“తండ్రి మాట అది.”

“తండ్రి మాటే. అందుకేగా రాసుకుంది.”

“వాడు పంపమన్నాడు.”

“మాట్లాడారు. పంపమనైనా మాట్లాడారు.” తల్లి గడియారం చూసింది. ఒంటిగంట కావస్తోంది. గూట్లోంచి ఫోను తీసింది. ఆఫీసు నంబరు నొక్కింది. ఒక్క అంకె కూడా తప్పు పోలేదు. ఆ చేతులతో అద్దం అంచు వెంట్రుకవాసి తేడా రాకుండా తీస్తుంది.

అవతల మోగింది. చాలాసేపు మోగింది. మూసేశారనుకునేసరికి ఎత్తారు. తల్లి స్పీకరు పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలీదు. ఒక్కతీ వినలేక కావచ్చు.

“ఆఫీసరు గారండీ, మిరియం... మా పాప వాళ్ళమ్మని.”

“ఆ, చెప్పండమ్మా. మీ కోసమే తాళం వెయ్యకుండా కూచున్నా. ఏం పాఠం పెట్టారు?”

తల్లి బల్ల వైపు చూసింది. పెట్టె ఉంది. కట్ట ఉంది. పెట్టె మంచిది. ఆ సంగతి ఆమెకి తెలుసు.

“మాటల పాదండీ.”

అత్త కళ్ళు మూసుకుంది.

“మంచిదేనమ్మా. చిన్నపిల్లలకి బాగుంటుంది. కాకపోతే దానికి ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు కావాలి. మీరొకరు. రెండోవారు ఎవరు?”

అత్త వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. అబద్ధం ఆడకు అన్నట్టు.

“వాళ్ళ నాన్నగారండీ.”

“ఆయన ఒప్పుకున్నారా?”

తల్లి నడిమి గది తలుపు వైపు చూసింది.

“ఆయనకి ఒకసారి ఫోనివ్వండి. నేను ఉంటాను, పాపకి మాటలు చెప్తాను అని ఆయన నోటితో అనాలి. అంటే నేను రాసేసుకుంటాను. ఇంకేమీ అక్కర్లేదు.”

“ఆయన... పడుకుని ఉన్నారండీ.”

“లేపండమ్మా. రెండు నిమిషాలు.”

మిరియం చటుక్కున తల ఎత్తి తల్లిని చూసింది.

తల్లి ఫోను పట్టుకుని నడిమి గదిలోకి నడిచింది. మామూలుగా ఆ గదిలోకి మునివేళ్ళ మీద పోతుంది. ఇప్పుడు మడమలు ఆనించి నడిచింది. మంచం దగ్గర వంగి ఫోను దిండు మీద పెట్టింది, ఆయన చెవికీ గోడకీ మధ్య.

“ఏవండీ. పాప గురించి. మీతో మాట్లాడతారట.”

ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. గోడని చూస్తున్నాయి.

“హలో,” అంది ఫోను. “హలో, సార్. ఉన్నారా?”

తల్లి అక్కడే నిలబడింది. ఇంకేం చెయ్యాలో తెలీలేదు. ఇంతకు మించి ఏమీ అనుకుని రాలేదు. ఫాను గాలికి మేకు మీది చొక్కా కొంచెం ఊగింది.

“హలో? లైన్లో ఉన్నారాండీ, లేరా?”

గుమ్మంలోంచి ఒక గొంతు వచ్చింది. పెద్ద గొంతు కాదు. అత్తది.

“ఉన్నాననరా,” అంది. “ఒరేయ్, ఒక్కసారి ఉన్నాననరా.”

దుప్పటి కదిలింది. దాని కింది నుంచి ఆయన చెయ్యి బయటికొచ్చింది. ఫోను దాకా పోయింది. అందుకోవడానికో, ఆపేయడానికో.